లక్ష మీద ఒకటి

పండూ, చిన్నీ, మీ అమ్మ పంపిన పార్సిలు అందింది. అట్టపెట్టెలో కాఫీపొడి, నా మోకాళ్ళకు రాసుకునే నూనె, వాటి అడుగున ఒక ప్లాస్టిక్ కవరు ఉన్నాయి. కవరు మీద శివలింగం బొమ్మ, దాని కింద 'లక్ష వత్తులు' అని ఎర్రటి అక్షరాలు. విప్పి చూస్తే పిడికెడు లావున, జడకుచ్చులాగా కట్టిన దారాల కట్ట. కార్తీకమాసం వస్తోంది కదా అత్తయ్యా, ఫోనులో కనబడితే ఆర్డరు చేశాను అంది మీ అమ్మ. గుర్తుపెట్టుకుంది, మంచి పిల్ల. ఆ సాయంత్రం వీడియోలో చిన్ని ఆ కట్టను కెమెరాకి దగ్గరగా పెట్టమని, "నాయనమ్మా, ఇందులో నిజంగా లక్ష ఉన్నాయా? ఎవరు లెక్కపెట్టారు?" అని అడిగింది. మిషను లెక్కపెట్టి ఉంటుందిలే అన్నాను. ఫోను పెట్టేశాక నా జవాబు నాకే నచ్చలేదు. లక్ష అంటే ఎంతో ఒకప్పుడు మా వీధి ఆడవాళ్ళ వేళ్ళకు తెలుసు. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది. ఫోనులో మొదలుపెడితే మధ్యలో మీ హోంవర్కు అడ్డం వస్తుంది. అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

అప్పుడు మేము నరసరావుపేటలోనే, స్టేషనుకు అవతల, సన్నటి వీధిలో ఉండేవాళ్ళం. మీ తాతయ్య దాచేపల్లి నుంచి నాపరాళ్ళు తోలే లారీ నడిపేవారు. బయలుదేరితే మళ్ళీ ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. ఇల్లంతా ఆ నాపరాళ్ళే పరిచి ఉండేవి, ఎండాకాలం మధ్యాహ్నాలు వాటి మీద తడిగుడ్డ వేసి పడుకుంటే ప్రాణం లేచొచ్చేది. మా వీధికి ఋతువుని బట్టి వాసన మారేది. మిరపకాయలు వచ్చే రోజుల్లో పొద్దున్నే లేవగానే తుమ్ములు. పత్తి వచ్చే రోజుల్లో జిన్నింగు మిల్లు నుంచి వచ్చే నూనె వాసన, దాంతోపాటు గాలిలో ఎగిరొచ్చి ఆరేసిన చీరలకు అంటుకునే నూగు. మా అత్తయ్య, అంటే మీ నాన్నకి నాయనమ్మ, కోటమ్మ, ఆ నూగుని చీరల మీద నుంచి ఏరి పారేసేది కాదు. చిన్న డబ్బాలో పోగుచేసి దీపానికి వత్తులు చేసేది. ఆమె బడికి వెళ్ళలేదు. ఏది లెక్కపెట్టినా 'ఒకటి' అనేది కాదు, కల్లాల్లో ధాన్యం కొలిచేవాళ్ళలాగా 'లాభం' అనేది. లాభం, రెండు, మూడు. గిద్దలు కొలిచినా, పిడకలు లెక్కపెట్టినా, మీ నాన్నకి చెంచాతో మందు పోసినా మొదటిది లాభమే.

మా ఇంటి పెరటిగోడకి అవతలి ఇల్లు మస్తానమ్మది. వాళ్ళది దూది ఏకే కుటుంబం. ఆమె భర్త భుజాన పెద్ద విల్లు వేసుకుని ఊళ్ళు తిరిగి పరుపులకు, దిండ్లకు దూది ఏకి ఇచ్చేవాడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఇంటికొచ్చిన పని ఆమే చేసేది. పొద్దున మేము కాఫీలు తాగే వేళకి గోడ అవతల నుంచి ఆ విల్లు నారి మోగేది, వీణ తీగను ఒక్క వేలితో లాగి వదిలినట్టు. గడ్డకట్టిన పాత దూది ఆ దెబ్బకి పొంగి మబ్బులాగా తేలేది. వాళ్ళు ముస్లిములు, ఇంట్లో మాత్రం మాలాగే తెలుగు. రంజానుకి సేమ్యాలు మాకు వచ్చేవి, మా ఇంట్లో అరిసెలు వండితే వాళ్ళకి పోయేవి. అత్తయ్యని ఆమె కోటక్కా అనేది, నేను ఆమెను పిన్నీ అనేదాన్ని. మాచర్లలో ఇచ్చిన ఒక్క కూతురు తప్ప ఆమెకి వేరే పిల్లలు లేరు.

ఇక మీ నాన్న సంగతి. అప్పుడప్పుడే కూర్చోవడం నేర్చుకుంటున్నాడు. మండువేసవి. అత్తయ్య రొంపిచెర్లలో ఎవరో దగ్గరివాళ్ళు పోతే పలకరించడానికి వెళ్ళింది. మీ తాతయ్య లారీ మీద ఉన్నారు. పొద్దున పిల్లవాడికి వాంతులు పట్టుకున్నాయి, వాటి వెంటే విరేచనాలు. మధ్యాహ్నానికి కళ్ళు గుంటలు పడ్డాయి, ఏడిస్తే నీళ్ళు రావడం లేదు. నేను వాణ్ణి ఒళ్ళో వేసుకుని విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు. ఇంటర్ దాకా లెక్కలు చదివినదాన్ని, ఆ వేళ నా బుర్రలో ఒక్క ఆలోచన కదల్లేదు. అరువు తీసుకున్న జల్లెడ తిరిగి ఇవ్వడానికి మస్తానమ్మ వచ్చి, గుమ్మంలోంచే చూసింది.

"ఏందమ్మాయ్, ఇట్టా కూసున్నావు? లెయ్. చెంబులో కాచిన నీళ్ళున్నయ్యా?"

ఆమే వెతికి, ఆమే ఉప్పు, పంచదార కలిపి, పిల్లవాణ్ణి నా ఒళ్ళోంచి లాక్కుని వీధిలోకి పరిగెత్తింది. నేను వెనకాల చెప్పుల్లేకుండా. రిక్షాలో ఆస్పత్రికి వెళ్ళేదాకా కొంగు కొస నీళ్ళల్లో ముంచి వాడి నోట్లో చుక్క చుక్కగా పిండుతూనే ఉంది. వాడు కక్కితే మళ్ళీ పిండింది. రిక్షా అతను ఆగబోతే, "తొక్కు నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా తొక్కు" అంది. డాక్టరుగారు సెలైను ఎక్కించాక, దారిలో ఆ నీళ్ళు పట్టిందెవరని అడిగారు. ఆ నీళ్ళే లేకపోతే ఇక్కడిదాకా వచ్చినా ఉపయోగం ఉండేది కాదమ్మా అన్నారు.

సాయంత్రం బస్సు దిగి నేరుగా ఆస్పత్రికి వచ్చిన అత్తయ్య, మనవడి చేతికి ఉన్న సూదిని చూసి అక్కడే వరండాలో కోటప్పకొండ కోటయ్య వైపు తిరిగి దణ్ణం పెట్టింది. పిల్లవాడు తేరుకుంటే కార్తీకంలో లక్షవత్తులు వెలిగిస్తానని మొక్కుకుంది. పక్కనే నిలబడ్డ మస్తానమ్మ, "అక్కా, పొద్దుట్నించీ ఏం మొక్కాలో తోచక, నువ్వేది మొక్కితే దాంట్లో నా చెయ్యి కూడా ఉంటదని అనుకున్నానే" అంది. అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా ఉప్పునీళ్ళతో జిగటగానే ఉంది.

మీ నాన్న తేరుకున్నాడు. శ్రావణంలో వత్తులు మొదలుపెడదామని వీధిలో ఆడవాళ్ళని పిలిచింది అత్తయ్య. లక్ష వత్తులు ఒక్కళ్ళ చేతి మీద అయ్యేవి కావు, అందుకని మా వైపు వాటాలు వేసుకుంటారు. మా వీధిలో ఏ నోమైనా పేరిందేవమ్మగారు లేనిదే జరిగేది కాదు. ఇంటింటికీ పాలు పోసే మనిషి. ఏ నోముకి ఏ వాయనం, ఏ పూజకి ఏ పువ్వు, అన్నీ నోటికి వచ్చు. ఆ నోరు మాత్రం పాలు పోసే మనిషిది కాదు, మిరపకాయల కొట్టుది. మా ఇద్దరితో కలిపి పదిమందిని లెక్కేసి ఆమే తేల్చేసింది.

"లక్షకి పదిమందిమి. మనిషికి పదివేలు. వాటాలు సమంగా ఉంటేనే నోము. ఒక్క వత్తి మిగిలినా, ఒక్కటి తగ్గినా ఫలం దక్కదు. మా అత్త చెప్పేది. చూడు కోటమ్మా, ఎంత చక్కగా కుదిరిందో."

అప్పుడే మస్తానమ్మ పెరటి వైపు నుంచి వచ్చింది. గింజ తీసి, ఏకి, శుభ్రం చేసిన దూది తెల్లటి పంచెలో మూటకట్టి తెచ్చింది. వత్తులకి కావలసిన దూదంతా ఆమె ఏకిందే. మూట దించి, నిలబడే అంది.

"కోటక్కా, నాకూ ఓ వాటా ఇయ్యి. నేనూ మొక్కుకున్నా గదా."

ఒకావిడ పైట సర్దుకుంది. ఇంకొకావిడ నిద్రపోతున్న తన పిల్లని నిద్రపుచ్చడం మొదలుపెట్టింది. పేరిందేవమ్మగారే నోరు విప్పింది.

"పదకొండు మందికి లక్ష తెగదే మస్తానమ్మా. నేను కాదంటంలా, లెక్క కాదంటంది."

గదిలో అందరి భుజాలూ కాస్త కిందికి దిగడం నేను చూశాను. ఎవరూ ఏమీ అనక్కర్లేకుండా అంకె వచ్చి వాళ్ళ పని చేసిపెట్టింది. మస్తానమ్మ కాసేపు మూట వంక చూసి, "తెగనప్పుడు ఏం చేస్తాంలే పెద్దక్కా. దూది చాలకపోతే కేకెయ్యండి, ఏకి పెడతా" అని వెళ్ళిపోయింది. అత్తయ్య ఆ పూట అన్నంలో చెయ్యి పెట్టి, మెతుకులు కెలికి లేచింది.

పేరిందేవమ్మగారు అన్నది అబద్ధమైతే నాకు కోపం వచ్చేది. కానీ అది నిజం. మా నాన్న రాజుపాలెంలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేవారు. నాకు లెక్కలంటే ఇష్టం పుట్టింది ఆయన వల్లే. సాయంత్రాలు వేరుశెనక్కాయలు వలుస్తూ అంకెల్ని కూడా అలాగే వలవమనేవారు. "లక్షని వలువు, లోపల ఏముంటుంది?" అంటే, ఐదు రెళ్ళు, ఐదు అయిదులు, అంతే. ఇంకే గింజా లేదు. అందుకని లక్ష రెండుకి తెగుతుంది, నాలుగుకి, అయిదుకి, ఎనిమిదికి, పదికి తెగుతుంది. మూడుకి తెగదు, ఆరుకి, ఏడుకి, తొమ్మిదికి తెగదు. పదకొండుకి ఎలా తెగుతుంది? చూడ్డానికి అంత పెద్దది, లోపల ఉన్నవి రెండు రకాల గింజలే.

తెలిసి కూడా, గిన్నెలు కడిగేశాక నాపరాయి మీద సుద్దముక్కతో భాగహారం వేశాను. తొమ్మిది, సున్నా, తొమ్మిది, సున్నా. మనిషికి తొమ్మిదివేల తొంభై, పైన పది మిగిలాయి. తుడిచి మళ్ళీ వేశాను. మళ్ళీ పదే. వక్క నములుతూ గుమ్మంలో కూర్చున్న అత్తయ్య చూస్తూనే ఉంది.

"ఎన్ని మిగిలినయ్యే?"

"పది, అత్తయ్యా."

"పదకొండు మందికి పది వత్తులా. అంటే ఒక్కదానికే తక్కువొచ్చింది." కాసేపు నమిలింది. "ఇంకోటి వేస్తే పోలా?"

"ఇంకోటి వేస్తే లక్ష కాదు కదత్తయ్యా. లక్షా ఒకటి అవుతుంది."

"అయితే ఏంది? పెళ్ళిలో వందే చదివిస్తామా, నూటపదహారు చదివిస్తామా? గుండు సున్నా చివర పెట్టి ఎవురికన్నా శుభానికి ఇస్తామా? మనుషులకే ఇయ్యం. దేవుడికిస్తామా?"

నేను పాత లెక్క తుడిచి లక్షా ఒకటి అని రాశాను. పదకొండుకి తెగుతుందో లేదో చూడ్డానికి మా నాన్న ఒక కిటుకు చెప్పేవారు. అంకె విడిచి అంకె కూడు, మిగిలినవి విడిగా కూడు, రెండూ సమానమైతే తెగినట్టే. లక్షా ఒకటిలో అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి, మధ్యలో అన్నీ సున్నాలు. విడిచి విడిచి కూడితే ఈ జట్టులో ఒకటి, ఆ జట్టులో ఒకటి. త్రాసు ముల్లు నిలబడ్డట్టు. భాగహారం వేస్తే మనిషికి తొమ్మిదివేల తొంభై ఒకటి. ఏమీ మిగల్లేదు. చిన్నీ, నువ్వు కూడా కాగితం మీద వేసి చూడు. నాకు అప్పుడు ఎంత సంతోషమేసిందో నీకు తెలుస్తుంది.

మర్నాడు పాలు పోయడానికి వచ్చిన పేరిందేవమ్మగారిని అత్తయ్య అరుగు మీద కూర్చోబెట్టి సంగతి చెప్పింది. ఆమె నా సుద్దలెక్క వైపు తొంగి కూడా చూడలేదు. కళ్ళు మూసుకుని తన పద్ధతిలో వేసుకుంది. "పదిమందికి తొంభై వేల తొమ్మిది వందల పది. పదకొండో మనిషివి తొమ్మిది వేల తొంభై ఒకటి. కలిపితే..." వేళ్ళ కణుపుల మీద బొటనవేలు ఆగి ఆగి నడిచింది. కళ్ళు తెరిచింది. "లక్షా ఒకటి. నిజమే."

"నిజం గాక. నా కోడలు చదువుకుంది" అంది అత్తయ్య. తన ఊహ అని మాత్రం చెప్పలేదు.

"సరే. కానీ ఒక మాట. ఎవురి వాటా వాళ్ళే చెయ్యాల. ఒకళ్ళది ఒకళ్ళు అందుకోకూడదు. మధ్యలో వదిలేస్తే మొత్తం పోద్ది. ఆ పరుపులమ్మకి తీరికుంటదో లేదో కనుక్కోండి ముందు."

మస్తానమ్మ తన వాటా దూది తీసుకుంది. కొంగు కొసతో ముఖం తుడుచుకుంది, నూగు పడిందన్నట్టు.

ఆ తరువాతి మధ్యాహ్నాలు నా జీవితంలో హాయిగా గడిచిన రోజుల్లో కొన్ని. వంటిల్లు సర్దేశాక అందరూ మా పంచలో చేరేవాళ్ళు. వేళ్ళకి విభూతి రాసుకుంటే దూది జారదు. చిటికెడు దూది తీసి, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య లాగి, అరచేతిలో ఒక్క తిప్పు. నూరు వత్తులు కాగానే దారంతో ఒక కట్ట. పదకొండు మంది ముందు పదకొండు చేటలు. పంచంతా విభూతి వాసన, ఎవరో తెచ్చిన మరువం వాసన, నా ఒళ్ళో పాలు తాగుతున్న మీ నాన్న వాసన. వాడు పాకడం నేర్చుకున్నది ఆ చేటల మధ్యే. ఎవరి చేటలో చెయ్యి పెడితే వాళ్ళు కేకవేసేవాళ్ళు, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకునేవాళ్ళు. వాటాలో తొంభై కట్టలు పోగా తొంభై ఒక్క వత్తులు విడిగా ఉండాలి. ఆ విడి వత్తులు అందరికీ తలనొప్పి.

"అమ్మాయ్, రోజుకిన్నని సమంగా చేసుకుపోతే అయిపోయేట్టు ఓ లెక్క చెప్పు" అని అడిగింది పేరిందేవమ్మగారు. నేను ప్రయత్నించాను. తొమ్మిదివేల తొంభై ఒకటిని మూడుతో కొట్టాను, ఏడుతో కొట్టాను, పదమూడుతో, పదిహేడుతో, అలా పైపైకి తొంభై దాటేదాకా కొట్టుకుంటూ పోయాను. ఎక్కడా పగల్లేదు. ఒలిస్తే లోపల ఒక్కటే గింజ.

"ఏ లెక్కన చేసినా ఆఖరి రోజు తేడా వస్తుంది పెద్దమ్మా. ఇది దేనికీ తెగని అంకె."

"అయితే మా ఆయన లాంటి అంకె" అంది ఆమె. "ఎవురి మాటా ఇనదు." పంచంతా నవ్వారు. మస్తానమ్మ అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది.

అంత సేపు ఒకే పని చేస్తుంటే బుర్ర తన దారిన తాను తిరుగుతుంది. ఒకరోజు ఇంకో సంగతి కనిపెట్టాను. వెయ్యికి ఒకటి కలిపితే పదకొండుకి తెగుతుంది, తలా తొంభై ఒకటి. లక్షకి కలిపితే తెగుతుంది. కోటికి కలిపినా తెగుతుంది. మధ్యలో ఉన్న పదివేలకి, పదిలక్షలకి కలిపితే తెగదు. వంద దాటాక మన పెద్దలు విడిగా పేరు పెట్టుకున్న వెయ్యి, లక్ష, కోటి, మూడూ ఒక్కటి తోడొస్తే పదకొండుమందికి సమంగా పంచుతాయి. ఎందుకో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. మీకు చెప్పను, మీరే కనుక్కోండి. ఆ వేళ పంచలో ఎవరికి చెప్పినా వినేవాళ్ళు లేరు. మస్తానమ్మ ఒక్కతే, "అట్నా, కోటికి కూడానా" అని తల ఊపింది, సగం అర్థమై, సగం నా మీద ప్రేమతో.

కార్తీకం వచ్చింది. పౌర్ణమికి వెలిగించాలని అనుకున్నాం. అందరివీ ముగింపుకొచ్చాయి. మస్తానమ్మకి బొటనవేలి మీద గోరుచుట్టు లేచింది, కుడిచేతిది. వేలు వంకాయలా వాచింది. విల్లు పట్టలేదు, ముద్ద కలపలేదు, వత్తి తిప్పడం సంగతి అడగనక్కర్లేదు. ఆమె వాటా ఇంకా చాలా ఉంది. మిగతావాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఆమెవి మనమే తలా కొన్ని చేసేద్దాం, పౌర్ణమి తప్పితే ఎలా అని. ఎవరి వాటా వాళ్ళే చెయ్యాలన్న మాట అందరికీ గుర్తుంది, అయినా అనుకున్నారు. ఆమె మొక్కు మూడొంతులు తీరి ఆగిపోయేటట్టుంది. అత్తయ్య మాత్రం, "కార్తీకం నెల్లాళ్ళు. పౌర్ణమి ఒక్కటే కార్తీకం కాదు" అంది.

ఆ సాయంత్రం మస్తానమ్మే వచ్చింది, కట్టుకట్టిన చెయ్యి కొంగు కింద దాచుకుని, రెండో చేత్తో తన చేట పట్టుకుని.

"అక్కా, నా మూలాన ఆగమాకండి. మిగతాయి మీరు చేసెయ్యండి. నేను చేసినకాడికి చేశా. అల్లా చూశాడు, మీ కోటయ్యా చూశాడు."

చేట అందుకోవడానికి అత్తయ్య చెయ్యి చాపలేదు. అరుగు మీద పాలచెంబు కడుగుతున్న పేరిందేవమ్మగారు లేచింది.

"నువ్వు లేకపోతే లెక్క తెగదు" అంది. "పదిమందికి పంచితే ఒకటి మిగులుద్ది. మిగలకూడదని చెప్పిందాన్ని నేనే. ఏదీ, చూపియ్యి ఆ వేలు."

వేలు చూసి తిట్టింది. ఇంత వాచేదాకా ఏం చేస్తన్నావని, నీళ్ళలో నానబెట్టి నానబెట్టి కుళ్ళబెట్టుకున్నావని తిట్టింది. ఇంటికెళ్ళి నిమ్మకాయ తెచ్చి, దానికి కన్నం చేసి, లోపల పసుపు, సున్నం పెట్టి ఆ వేలికి టోపీలా తొడిగింది. తొడుగుతున్నంత సేపూ మస్తానమ్మ మోచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ఇద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. రోజూ పాలు పోసి వెళ్తూ వెళ్తూ గోడ అవతలికి పోయి నిమ్మకాయ మార్చి వచ్చేది. "రొడ్డచేత్తో తిప్పు, ఏం పోయింది" అని ఆమే కూర్చోబెట్టింది. ఎడంచేత్తో తిప్పితే మెలి అవతలి వైపు పడుతుంది, లావుగా వస్తుంది. ఒకటి తీసి వెలుతురుకి పెట్టి చూసి, "ఇది వత్తా, బావి తాడా?" అంది పేరిందేవమ్మగారు. అని మళ్ళీ చేటలో వేసింది.

పౌర్ణమి దాటిపోయింది. ఎవరూ సణగలేదు, సణిగినా ఆమె ముందు సణగలేదు. కార్తీకంలో చివరి సోమవారం మా ఇంటి ముందు ఆవుపేడతో అలికి ముగ్గు వేశాం. మధ్యలో రెండు పెద్ద మట్టి మూకుళ్ళు పెట్టి, నేతిలో నానిన వత్తుల్ని ఒక్కొక్కరు తెచ్చి పోశారు. మస్తానమ్మ రంజానుకి కట్టే చీర కట్టుకుని గోడవారగా నిలబడింది. "ఏమే, అట్టా నిలబడ్డావేంది? నీ వాటా నువ్వు పొయ్యకపోతే ఎవురు పోస్తారు" అని కేకేసింది పేరిందేవమ్మగారు. ఆమె వచ్చి పోసింది. అత్తయ్య మీ నాన్నని చంకనేసుకుని వెలిగించింది. ముందు చిటపటలాడి, తరువాత ఒక్కసారిగా మనిషెత్తు లేచింది మంట. ఆ వేడికి అందరం ఒక అడుగు వెనక్కి వేశాం. పేరిందేవమ్మగారి మనవరాలు, "లక్ష దేవుడిది, మరి ఆ పైన ఒక్కటి ఎవురిది?" అని అడిగింది. "ఎవురిదని చెప్తామే, అందరి వాటాల్లో కలిసిపోయింది" అంది అత్తయ్య. మీ నాన్న మంట వైపు రెండు చేతులూ చాచి, ఎవరి చంకలోకి దూకాలో తెలియక, చివరికి మస్తానమ్మ మీదికి దూకాడు. ఆమె ఎడంచేత్తో పట్టుకుంది.

ఇప్పుడు అన్నీ సుఖంగానే ఉన్నాయి. నాకు ఆ రోజులే గొప్పవని చెప్పాలని లేదు. పిల్లలకి విరేచనాలైతే ఇప్పుడు ఎవరూ చూస్తూ కూర్చోరు, అంతకన్నా ఏం కావాలి. మీ అమ్మ పంపిన కట్ట ఈ కార్తీకంలో వెలిగిస్తాను, మీ ఇద్దరి పేరూ చెప్పి. దానికి వేళ్ళ నొప్పి లేదు, నిమ్మకాయ లేదు, ఎవరి కోసమూ ఆగడం లేదు. ఒక్కదాన్నే అగ్గిపుల్ల గీస్తే చాలు. నాకు లోటనిపించేది అదొక్కటే, ఒక్కదాన్నే చాలడం. అప్పుడు నేను ఒక్కదాన్నీ చాలేదాన్ని కాను.

మస్తానమ్మ పోయిన వానాకాలంలో పోయింది. ఆ రాత్రే మీ నాన్న బెంగళూరులో బస్సు ఎక్కి, తెల్లవారి ఇక్కడ దిగాడు. మీకు బడి ఉందని తీసుకురాలేదు. మాచర్ల నుంచి కూతురు వచ్చేదాకా ఆగి, మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్ళారు. మీ నాన్న భుజం పట్టాడు. దారిలో మనిషి మారుదామని పక్కనుంచి అడిగితే, ఇంకొంచెం దూరం అన్నాడట. తిరిగొచ్చి పెరట్లో నిలబడి నాకు చెప్పాడు.

"వాళ్ళ మనవడు అడిగాడమ్మా, మీరు ఆమెకి ఏమవుతారని."

"ఏం చెప్పావురా?"

"ఆమెకి నాలో వాటా ఉందని చెప్పా."

కాగులో నీళ్ళు తోడి పెట్టాను. కాళ్ళు కడుక్కుని లోపలికి రాబోతుంటే ఆపి, తల మీద నుంచి పోసుకోమన్నాను. అయినవాళ్ళు పోతే అలాగే పోసుకోవాలి.